అంబాసిడర్‌కి ఎలక్ట్రిక్ ఫ్యాన్: వైరింగ్ డైరీ

బండి 1986 మార్క్ 4 పెట్రోల్, 1489 సీసీ ఇంజన్, 12 వోల్టులు, నెగటివ్ ఎర్త్ (బ్యాటరీ నెగటివ్ బాడీకి కలిసి ఉంటుంది). ఊరు విజయవాడ. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి బెంజి సర్కిల్ దగ్గర ఇరుక్కుంటే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు పోతుంది, బందరు రోడ్డు మీద అరవైలో వెళ్తే మళ్లీ దిగుతుంది. ఎక్కడ ఆగితే అక్కడే వేడెక్కుతోందంటే గాలి చాలడం లేదని అర్థం. ఇంజన్‌కి బిగించిన రేకు ఫ్యాను ఇంజన్ తిరిగినంతే తిరుగుతుంది, అంటే మనకు బాగా కావలసిన ఐడిల్‌లోనే, బండి ఆగి ఇంజన్ మెల్లగా నడిచేటప్పుడే, నీరసంగా ఉంటుంది.

బండి కొన్నప్పటికే రేడియేటర్ ముందు ఎవరో ఒక చిన్న ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టి, డ్యాష్ కింద టోగుల్ స్విచ్ ఇచ్చారు. అది తిరుగుతుంది కూడా. తిరుగుతూనే బండి ఉడుకుతుంది.

దశ 0: ముందు కొలతలు

మీటరు పెట్టకుండా ఏదీ విప్పవద్దు. కావలసినవి: మామూలు మల్టీమీటరు, ఇన్‌ఫ్రారెడ్ గన్, డీసీ చదివే క్లాంప్ మీటరు. ఇళ్లకి కరెంటు పని చేసేవాళ్ల దగ్గర ఉండే క్లాంప్ చాలావరకు ఏసీ మాత్రమే చదువుతుంది, దాన్ని కారు వైరుకి తగిలిస్తే సున్నా చూపించి మిమ్మల్ని తికమక పెడుతుంది.

ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో ఇంకో తంటా ఉంది. మెరిసే ఇత్తడి ట్యాంకు మీద గురిపెడితే 20 డిగ్రీలు తక్కువ చూపించినా ఆశ్చర్యం లేదు. పై ట్యాంకు మీద, కింది ట్యాంకు మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, ఆ టేపు మీదే కొలవండి. ఈ డైరీలో అంకెలన్నీ టేపు మీదివే.

నీడలో 41 డిగ్రీలు, బానెట్ మూసి, ఐడిల్‌లో ఇరవై నిమిషాలు, ముందు ఫ్యాను ఆన్‌లో ఉంచి:

పై ట్యాంకు 103, కింది ట్యాంకు 93, ఇంకా ఎక్కుతూనే ఉంది. రేడియేటర్ క్యాప్ 7 పౌండ్ల ప్రెషరుది, దానితో మంచినీళ్లు సుమారు 111 దగ్గర మరుగుతాయి. అంటే మిగిలిన గడువు ఎనిమిది డిగ్రీలే.

ఆ పాత ఫ్యాను వైరింగ్ తీరు ఇదీ. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 13.6 వోల్టులు, ఫ్యాను మోటారు దగ్గర 10.4. మిగతా 3.2 ఎక్కడికి పోయాయో వెతకడానికి మీటరు ఒక కొన ఇటు, ఒక కొన అటు పెట్టి, ఫ్యాను తిరుగుతుండగానే ఒక్కో ముక్క కొలిచాను:

ఫ్యూజు పెట్టె క్లిప్పుల మీద 0.9
టోగుల్ స్విచ్ మీద 0.8
వైరు మొత్తం మీద 0.5
ఎర్త్ వైపు 1.0

మోటారు వేగం దాదాపు వోల్టేజీతో పాటే పడిపోతుంది కాబట్టి ఆ ఫ్యాను అయిదో వంతుకి పైగా నెమ్మదిగా తిరుగుతోంది. టోగుల్ విప్పి చూస్తే వెనక ప్లాస్టిక్ గోధుమ రంగుకి మాడి, ఒక టెర్మినల్ వేలితో కదిపితే ఊగుతోంది. ఎండాకాలం ఇంకొన్నాళ్లు సాగి ఉంటే డ్యాష్ కింద పొగ వచ్చేది.

ఫ్యానుని తిట్టే ముందు రేడియేటర్‌నీ చూడాలి. ఆటోనగర్‌లో విప్పించి, గొట్టాల్లో కడ్డీలు దూర్చి శుభ్రం చేయించాను, కింది ట్యాంకులో గుప్పెడు తుప్పు మట్టి వచ్చింది. థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు, అసలు లేదు. మన దగ్గర వేసవి రాగానే దాన్ని పీకి పారేయడం అలవాటు. అది లేకపోతే చలికాలం ఉదయం ఇంజన్ వేడెక్కదు, పెట్రోలు తాగుతుంది, పైగా ఫ్యాను స్విచ్ ఏ డిగ్రీకి పెట్టాలో లెక్క కుదరదు. 82 డిగ్రీలది కొత్తది వేశాను. గిన్నెలో నీళ్లు కాచి, థర్మామీటరు పెట్టి, తెరుచుకోవడం కళ్లతో చూశాకే బిగించాను.

ఖర్చు: రేడియేటర్ శుభ్రం 900, థర్మోస్టాట్ 300. ఇప్పటికి మొత్తం రూ. 1,200.

దశ 1: రేకు ఫ్యాను తీసి కొత్తది పెట్టడం

ఆటోనగర్ స్క్రాప్ షాపుల్లో పాత చిన్న కార్ల ఫ్యాన్లు గుట్టలుగా ఉంటాయి. బ్రష్షులు అరిగినవీ అందులోనే ఉంటాయి, తిప్పి చూస్తేగానీ తెలియదు. 80 వాట్లని రాసి ఉన్న 12 అంగుళాల కొత్త ఫ్యాను తీసుకున్నాను. బ్యాటరీకి నేరుగా పెట్టి చూస్తే నడిచేటప్పుడు 8.2 ఆంపియర్లు, మొదలయ్యే క్షణంలో 24. ఈ రెండు అంకెలూ రాసుకోండి, ఫ్యూజూ వైరూ వీటిని బట్టే.

1. బ్యాటరీ నెగటివ్ విప్పండి.
2. బెల్టు వదులు చేసి, వాటర్ పంపు ముందున్న నాలుగు బోల్టులు తీయండి. 7/16 పానా సరిపోతుంది.
3. రేకు ఫ్యాను బయటికి. పుల్లీ మళ్లీ అవే నాలుగు రంధ్రాలకి.
4. బెల్టు బిగువు: మధ్యలో వేలితో నొక్కితే అర అంగుళం దిగాలి.

మూడో అంకె దగ్గర జాగ్రత్త. ఆ బోల్టులు ఫ్యానునీ పుల్లీనీ కలిపి పట్టుకునేవి. ఫ్యాను మందం పోయాక అవే బోల్టులు బిగిస్తే, పుల్లీ బిగిసే లోపే కొనలు అవతలికి పొడుచుకొస్తాయి లేదా పుల్లీ వదులుగానే ఉండిపోతుంది. పొట్టి బోల్టులు వేయాలి, లేదా ఫ్యాను మందానికి సరిపడా వాషర్లు వేయాలి. మర అంగుళాల లెక్కది, క్వార్టర్ యూఎన్ఎఫ్, అంటే పావు అంగుళం సన్న మర. మెట్రిక్ 6 ఎం.ఎం. బోల్టు రెండు చుట్లు ఎక్కి ఇరుక్కుంటుంది, అక్కడితో ఆపండి. ఆటోనగర్‌లో పాత లారీ బోల్టుల కొట్లో దొరికాయి.

ఫ్యాను రేడియేటర్‌కి ఇంజన్ వైపు, లోపలికి లాగేలా. ముందు పెట్టే ఫ్యాను వెళ్లే గాలికి తనే అడ్డం, పైగా వానలో నేరుగా తడుస్తుంది. చోటు లేకపోతే తప్ప ముందు వద్దు. నా బండిలో పుల్లీకి, ఫ్యాను మోటారు వీపుకి మధ్య 14 ఎం.ఎం. మిగిలింది. ఇంజన్ రబ్బరు దిండ్ల మీద ఊగుతుంది, ముందుకీ కదులుతుంది, పది కంటే తక్కువ మిగిలితే నేను ఒప్పుకోను.

ఫ్యానుతో ఇచ్చే ప్లాస్టిక్ పుల్లలు, రేడియేటర్ జాలిలోంచి దూర్చి బిగించేవి, వాటిని పెట్టెలోనే ఉంచండి. కుదుపులకి అవి గొట్టాల్ని రాపాడిస్తాయి, ఏడాదికో రెండేళ్లకో కారుతుంది. రేడియేటర్ పక్క పట్టీలకి రెండు ఇనుప బద్దలు వేసి వాటికి బిగించాను.

మొదటి పరీక్షకి ఫ్యానుకీ జాలికీ మధ్య తొడుగు లేదు. ఐడిల్‌లో పై ట్యాంకు 99. టేపు ముక్కలు జాలి నాలుగు మూలలా అంటించి చూస్తే, ఫ్యాను గుండ్రానికి బయట ఉన్న మూలలు మిగతా జాలికంటే బాగా వేడిగా ఉన్నాయి. అక్కడ గాలే ఆడటం లేదు. అల్యూమినియం రేకుతో జాలి మొత్తాన్ని కప్పే తొడుగు మడత పెట్టించి, జాలికి 25 ఎం.ఎం. దూరంలో ఫ్యాను ఉండేలా పెట్టాక 96. ఈ మూడు డిగ్రీలు ఏ కొత్త ఫ్యానూ ఇవ్వలేదు, రేకు ముక్క ఇచ్చింది.

ఖర్చు: ఫ్యాను 1,850, రేకు, మడత 700, బోల్టులు 60. ఇప్పటికి రూ. 3,810.

దశ 2: రిలే, తాళం తీసినా ఆగని ఇంజన్

పాత వైరింగ్ మొత్తం పీకేశాం. కొత్తదాంట్లో రిలే ఉంటుంది, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్. దాని కాళ్లలో 30, 87 ఫ్యాను కరెంటువి, 85, 86 లోపలి కాయిల్‌వి. ఈ బళ్లలో రంగులు తెలిస్తే సగం పని అయినట్టే: గోధుమ రంగు ఎప్పుడూ లైవ్, తెలుపు తాళం వేస్తే లైవ్, ఆకుపచ్చ తాళం లైనే కానీ ఫ్యూజు దాటినది, నలుపు ఎర్త్. నలభై ఏళ్లలో ఎందరి చేతులో పడి ఉంటాయి కాబట్టి రంగుని నమ్మి ఊరుకోకుండా మీటరు పెట్టి చూసుకోండి.

ఎలక్ట్రీషియన్ కుర్రాడు రిలే 30 నంబరుకి ఆకుపచ్చ లైనే ఇచ్చాడు. "దగ్గర్లోనే ఉంది కదండీ, బ్యాటరీ దాకా లాగడం ఎందుకు" అన్నాడు. ఫ్యాను బ్రహ్మాండంగా తిరిగింది. తాళం తీశాం. ఇంజన్ ఆగలేదు. ఒక రెండు క్షణాలు తన మానాన తను నడిచి, ఫ్యాను నెమ్మదించాక అప్పుడు ఆగింది. మళ్లీ వేసి తీస్తే మళ్లీ అంతే. ఫ్యాను ఫ్యూజు పీకి తాళం తీస్తే టక్కున ఆగింది.

సంగతేమిటంటే, కరెంటు పోయినా రెక్కలు ఊపులో తిరుగుతూనే ఉంటాయి, తిరిగే మోటారు ఆ కాసేపు డైనమో అయిపోతుంది. అది పుట్టించే కరెంటు రిలే లోంచి వెనక్కి ఆకుపచ్చ లైనులోకి, అక్కడి నుంచి ఇగ్నిషన్ కాయిల్‌కి పోతుంది. రిలే కాయిల్ కూడా అదే లైను మీద ఉంది కాబట్టి రిలే కూడా వదలదు. తాళం పాడైందని తాళం మార్చినవాళ్లు ఉంటారు దీనికి.

మార్చిన కనెక్షన్:

1. 30: సెల్ఫ్ (స్టార్టర్) సోలినాయిడ్ మీద బ్యాటరీ కేబుల్ వచ్చే పెద్ద బోల్టు నుంచి, 4 స్క్వేర్ ఎం.ఎం. వైరు. బోల్టు నుంచి జానెడు లోపే 15 ఆంపియర్ల ఫ్యూజు.
2. 87: ఫ్యాను పాజిటివ్‌కి, అదే 4 ఎం.ఎం. వైరు.
3. 86: ఆకుపచ్చ లైను నుంచి, 1 స్క్వేర్ ఎం.ఎం. వైరు.
4. 85: వేడి స్విచ్‌కి. స్విచ్ అటు వైపు ఎర్త్.

ఇప్పుడు ఫ్యాను వెనక్కి కరెంటు తోసినా అది బ్యాటరీలోకే పోతుంది, కాయిల్‌కి దారి లేదు. తాళం తీయగానే ఇంజన్ ఆగుతోంది.

ఫ్యూజు సోలినాయిడ్ పక్కనే ఎందుకంటే, ఫ్యూజుకి ముందున్న వైరు బాడీకి రాసుకుంటే దాన్ని ఆపేది ఏదీ ఉండదు. మొదలయ్యేటప్పుడు 24 ఆంపియర్లు వస్తున్నాయని 30 ఫ్యూజు వేయనక్కర్లేదు, ఆ క్షణకాలపు ఊపుని 15 ఫ్యూజు ఓర్చుకుంటుంది. ఇంటి వైరింగ్ వైరు వాడొద్దు, ఇంజన్ వేడికి పైతొడుగు బిరుసెక్కి పగులుతుంది. లగ్గులు (వైరు కొనకి తొడిగే లోహపు ముక్కలు) కట్టింగ్ ప్లయరుతో నొక్కినవి కాకుండా క్రింపింగ్ ప్లయరుతో నొక్కి, గట్టిగా లాగి చూడండి. లాగితే వచ్చేది దారిలో ఎలాగూ వస్తుంది. రిలే కాళ్లు కిందికి ఉండేలా బిగించండి, నీళ్లు నిలవవు.

ఖర్చు: రిలే, బేస్ 260, ఫ్యూజు హోల్డరు, ఫ్యూజులు 130, వైరు 480, లగ్గులు, స్లీవులు 240. ఇప్పటికి రూ. 4,920.

దశ 3: వేడి స్విచ్ ఎక్కడ?

అన్నిటికంటే ఎక్కువ కాలం, డబ్బు తిన్నది ఇదే.

మొదట పెట్టింది సన్న రాగి తీగ చివర బుడిపె ఉండే థర్మోస్టాట్ స్విచ్, నాబ్ తిప్పి డిగ్రీ పెట్టుకునే రకం. బుడిపెని పై రబ్బరు పైపులోకి దూర్చి, తీగ మీదుగా క్లిప్పు బిగించాలి. తీగ ఉన్న చోట రబ్బరు పూర్తిగా కూర్చోదు. చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంది, ప్రెషరు ఎక్కాక బొట్టుబొట్టుగా కారింది. రబ్బరు తొడుగు వేశాం, సీలెంటు పూశాం, బొట్లు తగ్గాయి, ఆగలేదు. నీళ్లు తగ్గితే బండి ఉడుకుతుంది, బండి ఉడక్కుండా పెట్టిన వస్తువే నీళ్లు కారిస్తే ఎలా? తీసేశాను.

రెండోది, పై ట్యాంకుకి ఇత్తడి బుష్ అతికించి మర స్విచ్ పెట్టడం. ఈ పాత రేడియేటర్లు రాగి, ఇత్తడివి కావడం మన అదృష్టం, టంకం పడుతుంది. రేడియేటర్ పని చేసే పెద్దాయన ట్యాంకు పక్కన రంధ్రం చేసి, మంట పెట్టి బుష్ చుట్టూ టంకం పారించి, చల్లారాక పైపుల నోళ్లు మూసి నీళ్ల తొట్టిలో ముంచి గాలి కొట్టాడు. బుష్ దగ్గర బుడగల్లేవు గానీ కింద మూల ఒక సన్న బుడగల వరస లేచింది. "ఇది నా పని కాదు బాబూ, పాతదే" అంటూ దాన్నీ అతికించాడు, దానికి డబ్బు అడగలేదు. నేను అడిగితే "చాయ్ తాగించు" అన్నాడు.

స్విచ్ 92 దగ్గర ఫ్యాను వేసి 87 దగ్గర ఆపే రకం. ఐడిల్‌లో చక్కగా పనిచేసింది. ఏలూరు వైపు హైవే ఎక్కాక చూస్తే ఫ్యాను ఆగడమే లేదు. అరవైలో పోతున్న బండికి ఫ్యాను అవసరమే లేదు కదా! కారణం సులువే. థర్మోస్టాట్ 82 దగ్గర తెరుచుకోవడం మొదలుపెడుతుంది, ఈ ఎండల్లో పై ట్యాంకులోకి వచ్చే నీళ్లు మామూలుగానే 88, 89 ఉంటాయి. ఫ్యాను ఒకసారి మొదలైతే 87కి దిగే యోగం లేదు. పై ట్యాంకులో ఉండేది ఇంజన్ వేడి. రేడియేటర్ ఎంత చల్లార్చిందో కింద చూస్తేనే తెలుస్తుంది.

మూడోది, కింది రబ్బరు పైపు మధ్యలో అల్యూమినియం జాయింటు, దానికి 87/82 స్విచ్. జాయింటు కొనేముందు పైపు లోపలి వ్యాసం వెర్నియర్‌తో కొలవండి, పాత పైపులు ఉబ్బి ఉంటాయి. బిగించి, నీళ్లు పోసి, స్టార్ట్ చేసి కూర్చుంటే కింది టేపు మీద 87, 89, 91... ఫ్యాను తిరగలేదు. 85 వైరుని బాడీకి తాకిస్తే తిరుగుతోంది, అంటే రిలే మంచిదే. స్విచ్ విప్పి వేడినీళ్ల గిన్నెలో ముంచితే టక్ మంటోంది, స్విచ్ కూడా మంచిదే.

జాయింటుకి అటూ ఇటూ రబ్బరే! ఒంటి వైరు స్విచ్‌కి తన లోహపు ఒళ్లే ఎర్త్, ఆ ఒళ్లు తగిలి ఉన్న జాయింటుకి బాడీతో ఏ సంబంధమూ లేదు. నీళ్లు కలుపుతాయి కదా అంటే, రిలేని లాగేంత కరెంటు కూలెంట్ గుండా పోదు. జాయింటు మీద చిన్న రంధ్రం చేసి, మర తీసి, స్క్రూతో ఒక ఎర్త్ వైరు కట్టాక సరిపోయింది. రంధ్రం నీటి దారిలోకి వెళ్లకుండా బయటి గట్టు మీదే చేయండి. రెండు వైర్ల స్విచ్ దొరికితే ఈ గొడవే ఉండదు.

పై ట్యాంకు బుష్ వృథా పోకుండా అందులో 100/95 స్విచ్ పెట్టి, డ్యాష్ మీద ఎర్ర బల్బుకి ఇచ్చాను. కింది స్విచ్‌కి ఒక లోపం ఉంది: నీళ్లు తగ్గి ప్రవాహం ఆగితే ఇంజన్ మాడుతున్నా కింద చల్లగానే ఉంటుంది. అప్పుడు పైది చెబుతుంది. ఆ పాత టోగుల్ చోట కొత్తది పెట్టి, 85ని నేరుగా ఎర్త్ చేసేలా కలిపాను, చేత్తో ఫ్యాను వేసుకోవడానికి. ఇప్పుడు ఆ స్విచ్ గుండా పోయేది రిలే కాయిల్ కరెంటు మాత్రమే, కొలిస్తే 0.15 ఆంపియర్లు.

ఖర్చు: తీగ థర్మోస్టాట్ 650, బుష్, టంకం 500, స్విచ్‌లు మూడు 1,260, జాయింటు 550, క్లిప్పులు 120, కూలెంట్ 640. ఇప్పటికి రూ. 8,640. ఇందులో తీగదీ 92 స్విచ్‌దీ కలిపి 1,070 ఇప్పుడు డబ్బాలో పడి ఉంది.

దశ 4: ఎర్త్

అన్నీ కొత్తవి వేశాక కూడా ఫ్యాను దగ్గర 12.6 మాత్రమే వచ్చింది. పాజిటివ్ వైపు పోయింది 0.3, ఎర్త్ వైపు 0.7. ఫ్యాను నెగటివ్‌ని పక్కనున్న బ్రాకెట్‌కి బిగించాం, బ్రాకెట్ కింద మూడు పొరల పెయింటు. ఇంజన్‌ని బాడీకి కలిపే అల్లిక పట్టీ పచ్చగా చిలుము పట్టి సగం తెగింది. బళ్లు బాగుచేసేవాళ్లు పాజిటివ్ వైరు మందం గురించి ఎంతైనా వాదిస్తారు గానీ ఎర్త్ వైపు ఎవరూ చూడరు.

కొత్త పట్టీ వేసి, ఫ్యాను నెగటివ్‌ని 4 ఎం.ఎం. వైరుతో బ్యాటరీ నెగటివ్ దాకా లాగాక:

ఫ్యూజు హోల్డరు 0.12, రిలే 0.10, వైరు 0.10, ఎర్త్ 0.08. బ్యాటరీ మీద 13.6, ఫ్యాను మీద 13.2.

ఖర్చు: పట్టీ, లగ్గులు 180. ఇప్పటికి రూ. 8,820.

దశ 5: ఆల్టర్నేటర్ లెక్క

రాత్రి వాన పడుతుంటే ఒకేసారి నడిచేవి: ఫ్యాను 8, హెడ్‌లైట్లు 9, ఇగ్నిషన్ 4, వైపరు 3, చిన్న లైట్లు 2. మొత్తం 26 ఆంపియర్లు. నా బండిలో 35 ఆంపియర్ల ఆల్టర్నేటర్ ఉంది. మీ బండిలో ఇంకా 22 ఆంపియర్ల డైనమో ఉంటే ఈ పని ఇక్కడే ఆపి ముందు ఆల్టర్నేటర్ వేయించండి. డైనమో ఐడిల్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు, సరిగ్గా అప్పుడే ఫ్యాను తిరుగుతుంది.

35 కూడా పూర్తి వేగంలో ఇచ్చేది. ఐడిల్ 650 దగ్గర హెడ్‌లైట్లు, ఫ్యాను వేస్తే బ్యాటరీ మీద 12.4, అంటే బ్యాటరీ ఖాళీ అవుతోంది. ఐడిల్ 800కి పెంచితే 13.1. అలాగే ఉంచేశాను.

తాళం తీశాక కూడా ఫ్యాను కాసేపు తిరగాలా అన్నది చాలామంది అడుగుతారు. ఈ ఇంజన్‌లో కార్బురేటర్, సైలెన్సర్ మానిఫోల్డ్ రెండూ ఒకే వైపు ఉంటాయి, ఆపాక పెట్రోలు మరిగి వేడి స్టార్టింగ్ కష్టమవుతుంది, కాబట్టి కోరిక సహజమే. 86ని ఎప్పుడూ లైవ్‌గా ఉండే లైనుకి ఇస్తే సరిపోతుంది. కానీ స్విచ్ ఒక్కసారి అతుక్కుపోతే 45 ఆంపియర్-అవర్ల బ్యాటరీ అయిదారు గంటల్లో ఖాళీ. నేను ఇవ్వలేదు. ఎండలో ఆపితే బానెట్ కాస్త ఎత్తి పెడుతున్నాను.

ఇప్పటి కొలతలు

నీడలో 41, ఐడిల్‌లో అరగంట: కింద 82 నుంచి 88 మధ్య, పైన ఎక్కువలో ఎక్కువ 96. ఫ్యాను మూడున్నర నిమిషాలు తిరిగి రెండు నిమిషాలు ఆగుతోంది. బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో పైన 97. కొండపల్లి కోట ఘాట్ రెండో గేరులో ఎక్కిస్తే 98, ఎర్ర బల్బు వెలగలేదు. హైవే మీద ఫ్యాను తిరగడం లేదు.

బల్బు, హోల్డరు 60 కలిపి మొత్తం రూ. 8,880. క్లాంప్ మీటరు ఇందులో లేదు.

డిక్కీలో ఒక రిలే, రెండు 15 ఫ్యూజులు, రెండు మూరల వైరు. పాత రేకు ఫ్యానుని, దాని పొడవాటి బోల్టుల్ని స్క్రాప్‌కి వేయకండి. దూరప్రయాణానికి వెళ్తుంటే అవీ డిక్కీలో పెట్టుకోండి, మోటారు దారిలో కాలిపోతే ఎలక్ట్రిక్ ఫ్యానుని తొడుగుతో సహా విప్పి ఒక్క 7/16 పానాతో రేకుది బిగించి ఇంటికి రావచ్చు.